గేర్‌బాక్స్ దించమనే ముందు: ఆటోమేటిక్ కారులో స్లిప్పు, అరుగుదల మనమే పట్టుకోవడం ఎలా

పోయిన మే నెలలో ఒంగోలు పెళ్లికి వెళ్తూ ఉలవపాడు దగ్గర మామిడికాయలు కొందామని ఆగాం. బుట్ట డిక్కీలో పెట్టించి, బండి వెనక్కి తీద్దామని ఆర్‌లో వేస్తే కదల్లేదు. ఒకటి, రెండు, మూడు అంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగి, అప్పుడు దబ్బున తగులుకుంది. హైవే ఎక్కాక ముందున్న గ్రానైట్ లారీని దాటబోతే ఇంజన్ గీమని అరిచింది, ఆర్‌పీఎం ముల్లు నాలుగు వేలు దాటింది, బండి మాత్రం అదే డెబ్బైలో తాపీగా పోతోంది. పక్కన మా ఆవిడ, వెనక సీట్లో అత్తగారు, ఇక నా టెన్షన్ చెప్పక్కర్లేదు.

తిరిగొచ్చాక నెల్లూరులో ఒక షాపులో చూపించాను. వీధి చివరిదాకా ఒక రౌండు తిప్పి, "గేర్‌బాక్స్ దించాల సార్, లోపల ప్లేట్లు కాలిపోయుంటాయి, లక్షా పాతిక వేలు చూసుకోండి" అన్నారు. బానెట్ ఎత్తలేదు, కింద వంగి చూడలేదు. తరువాత తేలిందేమిటంటే గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్‌కి పోయే రబ్బరు పైపు క్లిప్పు వదులై, నెలల తరబడి చెమర్చి చెమర్చి లీటరున్నర ఆయిల్ పోయింది.

అందరికీ ఇంత తేలిగ్గా పోతుందని అనను, నిజంగానే ప్లేట్లు కాలిన బళ్లూ ఉంటాయి. కాకపోతే "దించాలి" అనే మాటకు ముందు ఇంటి దగ్గరే చూసుకోగలిగినవి చాలా ఉన్నాయి, వాటిలో సగానికి పైసా ఖర్చు లేదు. నేను చేసిన వరసలోనే చెప్తాను.

ముందు మీది ఏ రకం గేర్‌బాక్సో తెలియాలి

ఆటోమేటిక్ అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ లోపల నాలుగు వేరు వేరు యంత్రాలు. ఒకదాని లక్షణం ఇంకోదానికి జబ్బు.

ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మనకు బదులు యాక్చుయేటర్ అనే ఒక పరికరం చేస్తుంది. 2014లో సెలెరియోతో మన దగ్గర మొదలైంది ఇదే. గేరు మారేటప్పుడు తల ముందుకు ఊగడం దీని పుట్టుక గుణం. మారుతీ, టాటా ఏఎంటీల్లో లీవర్ మీద పి (పార్క్) అనే అక్షరమే ఉండదు, గుర్తుపట్టడానికి అదొక దారి. సీవీటీలో గేర్లే ఉండవు, రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు. గట్టిగా తొక్కితే ముందు ఇంజన్ మోత పెరిగి, తరువాత స్పీడు మెల్లగా అందుకుంటుంది, అది స్లిప్పు కాదు. డీసీటీలో రెండు క్లచ్‌లు, ఒకటి బేసి గేర్లకు, ఇంకోటి సరి గేర్లకు. ఇక పాతకాలం నుంచీ ఉన్నది టార్క్ కన్వర్టర్: ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఆయిలే బలాన్ని మోస్తుంది, లోపల ప్లేట్ల క్లచ్‌లు ఆయిల్ ప్రెషర్‌తో పట్టుకుంటాయి. ఇన్నోవా క్రిస్టా, క్రెటా డీజిల్, ఎక్స్‌యూవీ700 ఆటోమేటిక్‌లలో ఉన్నది ఇదే, నాదీ ఇదే. అందుకే దీని గురించే ఎక్కువ చెప్తాను, మిగతా మూడింటి సంగతి చివర్లో.

అది నిజంగా స్లిప్పేనా?

"పికప్ లేదు" అన్నా, "స్లిప్ అవుతోంది" అన్నా ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. తొక్కినప్పుడు ఆర్‌పీఎం పెరిగి స్పీడు పెరగకపోతే స్లిప్పు. రెండూ పెరగకపోతే తప్పు ఇంజన్‌దో, ఎయిర్ ఫిల్టర్‌దో, టర్బో పైపుదో, పట్టేసిన బ్రేకుదో, గేర్‌బాక్స్‌ది కావడం అరుదు. మా బాబాయి బండికి వెనక బ్రేకు వదలక చక్రం వేడెక్కుతుంటే ఆయన ఏడాది పాటు గేర్‌బాక్స్‌ని తిట్టుకున్నాడు. పది కిలోమీటర్లు తిప్పి నాలుగు రిమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి (తాకకండి, దగ్గర పెడితే చాలు), ఒకటి మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే సంగతి అక్కడే ఉంది.

డి (డ్రైవ్)లో వెయ్యగానే దబ్బుమని కొడితే ఇంజన్ మౌంటింగులు చూడాలి. బానెట్ తెరిచి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, ఒకరు ఆర్‌కీ డికీ మారుస్తుంటే ఇంకొకరు పక్క నుంచి (ముందు నిలబడి కాదు) చూడండి, ఇంజన్ మంచం మీద పిల్లాడిలా ఎగిరిపడుతుంటే రబ్బర్లు పోయినట్టే. బ్యాటరీ వీకయినా గేర్‌బాక్స్ కంప్యూటర్ పిచ్చి పిచ్చిగా చేస్తుంది. మిస్‌ఫైర్ (ఇంజన్ సిలిండర్‌లో సరిగా మండకపోవడం) వణుకు కూడా అచ్చం గేర్‌బాక్స్ వణుకులాగే ఉంటుంది.

ఆయిల్: ఇక్కడే సగం కథ తేలిపోతుంది

డిప్‌స్టిక్ ఉన్న బండి అయితే మీ అదృష్టం. పది పదిహేను కిలోమీటర్లు నడిపి, చదునైన చోట ఆపి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, బ్రేకు తొక్కి పట్టి లీవర్‌ని పి నుంచి డి దాకా ఒక్కో చోట రెండు మూడు సెకన్లు ఆపుతూ తీసుకెళ్లి మళ్లీ పికి తేవాలి. అప్పుడు స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీసి, హాట్ అనే గీతల మధ్య ఉందా అని చూడాలి. తుడవడానికి షాపుల్లో ఇచ్చే వేస్టు కాటన్ వద్దు, దాని పోగులు లోపలికి పోతే వాల్వుల్లో ఇరుక్కుంటాయి, నూలు రాలని పాత పంచె ముక్క నయం. కొన్ని హోండా బళ్లలో పద్ధతి వేరు, ఇంజన్ ఆపేసి నిమిషం నుంచి నిమిషంన్నర లోపు చూడాలి. బండితో వచ్చిన మాన్యువల్ పుస్తకం ఏం చెప్తే అదే.

ఈమధ్య బళ్లకు డిప్‌స్టిక్ ఉండదు, కింద ఓవర్‌ఫ్లో ప్లగ్గు ఉంటుంది. ఆయిల్ ఒక వేడికి వచ్చినప్పుడు ప్లగ్గు విప్పితే సన్నగా కారి ఆగాలి, అస్సలు రాకపోతే తక్కువున్నట్టు. ఆ వేడి చాలా బళ్లలో 35–45 డిగ్రీల దగ్గర ఉంటుంది, కచ్చితమైన అంకె మీ బండి మాన్యువల్‌లో చూడాలి. ఇక్కడే మన ఊరి ఎండతో చిక్కు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం షెడ్డులో నిలబెట్టిన బండి గేర్‌బాక్సే నలభై దాటి ఉంటుంది, ఇంజన్ వేసి లిఫ్ట్ ఎక్కించేలోపు ఆ హద్దు దాటేస్తుంది. వేడికి వ్యాకోచించిన ఆయిల్ కారిపోతుంటే "ఎక్కువైంది సార్" అని అలా వదిలేస్తారు, చల్లారాక చూస్తే తక్కువ. ఈ పని ఎండాకాలంలో పొద్దున ఆరింటికే పెట్టుకోవాలి, మెకానిక్‌ని బతిమాలి అయినా సరే.

లెవెల్ చూశాక రంగు. ఒక చుక్క తెల్ల టిష్యూ మీద వేసి పది నిమిషాలు వదలండి. మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) కొత్తది దానిమ్మ రసంలా ఉంటుంది (సీవీటీ ఆయిళ్లలో వేరే రంగులూ ఉన్నాయి). వాడగా వాడగా ముదురు రంగుకి తిరగడం మామూలే, అంతమాత్రాన కంగారు పడక్కర్లేదు. టీ డికాషన్‌లా నల్లబడి, మాడిన తిరగమోత కంపు కొడుతూ, చుక్క మధ్యలో నల్లటి నలుసులు మిగిలితే క్లచ్ ప్లేట్ల లైనింగు కరిగి ఆయిల్లో కలుస్తోంది. రోజ్ మిల్క్ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి: చాలా బళ్లలో గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ రేడియేటర్ లోపలే ఉంటుంది, అది చిల్లి పడితే కూలెంట్ లోపలికి వస్తుంది, లేదా మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జిలో వానకి నిలిచిన మోకాలి లోతు నీళ్లలో దింపితే గాలి గొట్టం లోంచి పోతుంది. రోజ్ మిల్క్ కనిపిస్తే బండి ఇంక నడపకండి. నీళ్లకి ప్లేట్ల జిగురు ఊడిపోతుంది, రెండు రోజులు నడిపితే మందు ఉండదు.

తక్కువైతే ఎక్కడో కారుతున్నట్టే, ఈ ఆయిల్ ఇంజన్ ఆయిల్‌లా మండి అయిపోయేది కాదు. రాత్రి బండి కింద పాత అట్టపెట్టె పరిచి పొద్దున చూడండి. అట్ట మీద మరక లేకపోయినా నమ్మొద్దు, నాది హైవే స్పీడులో ప్రెషర్ వచ్చినప్పుడే చెమర్చేది, ఇంటి దగ్గర ఒక్క చుక్క పడలేదు. పట్టించింది దుమ్ము. కూలర్ పైపు చివర జానెడు మేర దుమ్ము నల్లగా ముద్దకట్టి ఉంది, మిగతా పైపంతా పొడిగా ఉంది. మా వేదాయపాళెం మెకానిక్ భాయ్ టార్చి వేసి వేలితో గీకి చూపించి, "ఇది చూడకుండా ఏంది సార్ దించమనేది" అన్నాడు. కూలర్ పైపుల చివర్లు, యాక్సిల్ సీళ్లు, పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ తట్ట) గాస్కెట్, ఇంజన్–గేర్‌బాక్స్ కలిసే చోటు, ఈ నాలుగూ చూడాలి. చివరిది కారుతుంటే మాత్రం పెట్టె దించక తప్పదు.

ఇంకొక గుర్తు: మలుపు తిరిగినప్పుడో, గట్టి బ్రేకు వేసి మళ్లీ తొక్కినప్పుడో మాత్రమే స్లిప్పు వస్తుంటే ఆయిల్ తక్కువున్నట్టే అనుకోండి. ఆయిల్ ఒక పక్కకి ఒరిగి పంపు గాలి పీలుస్తుంది.

తగులుకోవడానికి ఎంతసేపు?

ఫోన్లో వీడియో పెట్టి డ్యాష్‌బోర్డు కనిపించేలా ఉంచండి. ఇంజన్ వేడెక్కాక, ఏసీ ఆపి, బ్రేకు నొక్కి పట్టి ఎన్ (న్యూట్రల్) నుంచి డిలో వెయ్యండి. లీవర్ టిక్కుమన్న దగ్గర్నుంచి బండి చిన్నగా కుదుపు ఇచ్చేదాకా ఎంతసేపో చూడాలి. మళ్లీ ఎన్‌కి తెచ్చి ఒక నిమిషం ఆగి ఇంకోసారి, ఇలా మూడుసార్లు, అలాగే ఆర్‌కి మూడుసార్లు. టయోటా సర్వీసు లెక్క ప్రకారం డికి 1.2 సెకన్ల లోపు, ఆర్‌కి 1.5 సెకన్ల లోపు రావాలి. వేరే బళ్లకి కొంచెం తేడా ఉన్నా రెండు సెకన్లు దాటితే మాత్రం ఆలస్యమే.

డి, ఆర్ రెండూ ఆలస్యమైతే అన్ని గేర్లకీ కలిసిన కారణం, అంటే ఆయిల్ తక్కువ, ఫిల్టర్ పూడిపోవడం, పంపు ప్రెషర్ లేకపోవడం. ఒక్క ఆర్ మాత్రమే ఆలస్యమైతే ఆ గేరుకి పనిచేసే క్లచ్ లేదా దాని సీలు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆలస్యమై వేడెక్కాక బాగుపడితే గట్టిపడ్డ రబ్బరు సీళ్లు. చల్లగా బాగుండి, వేడెక్కాక పాడైతే మరీ చెడ్డ వార్త, ఆయిల్ పల్చబడి అరిగిన సందుల్లోంచి ప్రెషర్ జారిపోతోందన్నమాట. నాకు ఆర్ 2.8 సెకన్లు వచ్చింది, డి 1.9. ఈ రెండు అంకెలే నాకు ధైర్యం ఇచ్చాయి, రెండూ కలిసి పాడయ్యాయంటే ఒక్క క్లచ్ పోయినట్టు కాదు కదా అని.

రోడ్డు మీద

దీనికి పొద్దున్నే, ట్రాఫిక్ లేని తిన్నని రోడ్డు కావాలి. నేను కోవూరు దాటాక కావలి వైపు హైవే మీద చేశాను, మా బావమరిది పక్కన కూర్చుని మీటర్ వీడియో తీశాడు. నడిపేవాళ్లు మీటర్ చూస్తూ లెక్కలు వేసుకోవద్దు, వీడియో ఇంటికొచ్చి చూసుకోవచ్చు.

మొదటిది, గేర్లు మారే చోటు. మెల్లగా తొక్కుతూ పోతే ప్రతి గేరు మార్పుకీ ముల్లు కిందికి దిగాలి. దిగే ముందు రెండు మూడు వందలు పైకి ఎగిరి అప్పుడు దిగితే, పాత క్లచ్ వదిలేసింది, కొత్తది ఇంకా పట్టుకోలేదు అని అర్థం. ఏ గేరు నుంచి ఏ గేరుకి ఎగురుతోందో రాసుకోండి. ఇది చాలా విలువైన సమాచారం, ఎందుకంటే ఒక్కో క్లచ్ రెండు మూడు గేర్లకు పని చేస్తుంది. చాలా ఆరు గేర్ల పెట్టెల్లో 3, 5, రివర్స్ మూడింటికీ కలిపి ఒకే క్లచ్. 3లో, 5లో జారుతూ, ఆర్ ఆలస్యంగా తగులుకుంటుంటే పెట్టె తెరవకుండానే దోషి ఎవరో చెప్పేయొచ్చు. 2లో, 6లో మాత్రం జారితే అది గేర్‌బాక్స్ లోపలే ఉండే వేరే బ్రేకు ప్లేట్ల పని. ఇది తెలిసి మాట్లాడితే మెకానిక్ మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

రెండోది నాకు ఇష్టమైన లెక్క. మాన్యువల్ మోడ్‌లో ఒక గేరులో నిలబెట్టి, కన్వర్టర్ లాక్ అయ్యాక (అంటే లోపలి లాకప్ క్లచ్ ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ నేరుగా కలిపాక) ఆర్‌పీఎంకీ స్పీడుకీ నిష్పత్తి మారకూడదు. 60లో 2000 ఉంటే 90లో 3000 ఉండాలి. 3400 కనిపిస్తే ఆ నాలుగొందలు ఎక్కడో వేడిగా మారిపోతున్నాయి. అయితే తక్కువ స్పీడులో, లాక్ కాకముందు కొంత తేడా ఉండటం టార్క్ కన్వర్టర్ స్వభావమే, దాన్ని చూసి భయపడకండి.

లాక్ అయిందో లేదో ఎలా తెలుస్తుంది? 80లో ఒకే తీరుగా పోతూ, యాక్సిలరేటర్ కదపకుండా ఎడమ కాలితో బ్రేకు పెడల్‌ని లైటు వెలిగేంత మాత్రం తాకండి, వెనక బండి లేదని చూసుకుని. లాక్ వదిలి ముల్లు కొంచెం పైకి లేచి, కాలు తీశాక మళ్లీ దిగితే లాకప్ పనిచేస్తోంది. అసలు కదలకపోతే అది పట్టుకోవడమే లేదు. ఇక 50 నుంచి 80 మధ్యలో, మెల్లగా తొక్కినప్పుడు టోల్‌గేట్ ముందు గీతల మీద పోతున్నట్టు గురగురమని వణుకు వస్తుంటే అది ఎక్కువగా లాకప్ క్లచ్ వణుకు. ఆయిల్ పాతబడటమే చాలాసార్లు కారణం, కొత్త ఆయిల్‌తో పోయిన బళ్లు ఉన్నాయి కాబట్టి ముందు అదే ప్రయత్నించాలి.

బరువు మీద చూడాలంటే దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌ని మించింది లేదు గానీ, అనుమానం ఉన్న బండితో ఆ అడవిలోకి పోవద్దు, ముందు మీ ఊరి ఫ్లైఓవర్ చాలు.

స్కానర్

కారు కంప్యూటర్ రాసుకున్న తప్పుల కోడ్‌లు చదివేది స్కానర్. ఈఎల్ఎం327 అని చవకగా దొరికే బ్లూటూత్ బిళ్ల చాలాసార్లు ఇంజన్ కోడ్‌లే చదువుతుంది, గేర్‌బాక్స్ కంప్యూటర్ లోపలికి పోదు. పి0700 కనిపిస్తే అది జబ్బు పేరు కాదు, "గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో కోడ్ ఉంది, అక్కడ చూడు" అని చెప్పే తలుపు గంట మాత్రమే. అప్పుడు మంచి స్కానర్ ఉన్న చోటికి పోవాలి. పి0730 నుంచి పి0735 దాకా గేరు నిష్పత్తి తప్పిందని (0731 అంటే ఒకటో గేరు, 0732 రెండోది, అలా), పి0741 లాకప్ పట్టడం లేదని, పి0218 ఆయిల్ అతిగా వేడెక్కిందని. పి0750 దగ్గరి అంకెలు షిఫ్ట్ సోలెనాయిడ్‌లవి (గేరు మార్చడానికి ఆయిల్ దారి తెరిచి మూసే కరెంటు వాల్వులు). అవి వస్తే దించక ముందు వైరింగు, కనెక్టర్ చూడాలి, సోలెనాయిడ్ చాలా బళ్లలో పాన్ విప్పి మార్చేదే.

కోడ్ కంటే లైవ్ డేటా నమ్మకమైనది. ఇన్‌పుట్ స్పీడుని (గేర్‌బాక్స్‌లోకి వచ్చేది) ఔట్‌పుట్ స్పీడుతో (బయటికి పోయేది) భాగిస్తే ఆ గేరు నిష్పత్తి రావాలి. మీ గేరు నిష్పత్తి 1.5 అనుకుందాం, ఔట్‌పుట్ 2000 అయితే ఇన్‌పుట్ 3000 ఉండాలి, 3250 ఉంటే ప్లేట్లు జారుతున్నాయి. ఆయిల్ వేడి కూడా చూడండి: 80–95 డిగ్రీలు మామూలు, 120 దాటి నిలబడితే కూలర్ సంగతి చూడాలి.

స్టాల్ టెస్ట్ అని ఒకటి ఉంది, బ్రేకు నొక్కి పట్టి డిలో పూర్తిగా తొక్కి ఆర్‌పీఎం ఎక్కడ ఆగుతుందో చూస్తారు. మాన్యువల్‌లో ఇచ్చిన అంకె కంటే ఎక్కువొస్తే ప్లేట్లు జారుతున్నట్టు, తక్కువొస్తే ఇంజనో కన్వర్టరో నీరసం. ఐదు సెకన్లు మించితే ఆయిల్ ఉడికిపోతుంది. ఇంటి దగ్గర చెయ్యొద్దనే నా మాట. ఏఎంటీ, డీసీటీలకి అసలే వద్దు.

పాన్ విప్పించండి, పక్కనే ఉండండి

పాన్ లోపల అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిద రంగు మెత్తటి పేస్టు, వేళ్ల మధ్య రుద్దితే కాటుకలా జారితే అది మామూలు అరుగుదల, భయం లేదు. గుచ్చుకునే ఉక్కు రజను, పెచ్చులు ఉంటే బేరింగో గేరో. ఇత్తడి రంగు తళుకులు ఉంటే బుష్‌లు. నల్లటి పొట్టు పాన్ అడుగున మందంగా పేరుకుంటే ప్లేట్లు అయిపోయినట్టే, అప్పుడు దించమంటే దించమనండి. ఫోటో తీసి పెట్టుకోండి.

ఆయిల్ మారిస్తే స్లిప్పు ఇంకా పెరుగుతుందని ఒక భయం ఉంది. కాలిన ప్లేట్ల బండికి కొత్త ఆయిల్ పోసినా పోయకపోయినా ఆ ప్లేట్లు పోయేవే, నింద మాత్రం కొత్త ఆయిల్ మీద పడుతుంది. కాకపోతే బాగా తిరిగిన పాత పెట్టెకి మెషీన్‌తో ప్రెషర్ ఫ్లష్ నేను చేయించను. ప్లగ్గు తీస్తే మొత్తం రాదు, మూడో వంతు నుంచి సగం దాకా వస్తుంది, కాబట్టి కొన్ని వందల కిలోమీటర్ల తేడాతో మూడుసార్లు దించి పోయించాను. ఆయిల్ మాత్రం బండి అడిగినదే: టయోటాకి డబ్ల్యూఎస్, హ్యుందాయ్ ఆరు గేర్ల పెట్టెకి ఎస్‌పీ-4, హోండా సీవీటీకి హెచ్‌సీఎఫ్-2, ఇలా. "అన్నిటికీ ఇదే సార్" అంటూ డ్రమ్ములోంచి పోస్తుంటే ఆపెయ్యండి. సీవీటీలో అయితే ఆ ఒక్క పొరపాటే బెల్టుని తినేస్తుంది.

మిగతా మూడు రకాలు

ఏఎంటీకి పరీక్ష సులువు: మాన్యువల్ మోడ్‌లో మూడో గేరు, 40 స్పీడు, ఒక్కసారిగా పూర్తిగా తొక్కండి. ముల్లు ఎగిరి స్పీడు వెనకబడితే, కాలిన రబ్బరు వాసన వస్తే, క్లచ్ ప్లేటు అయిపోయింది, మాన్యువల్ బండికి వేసినట్టే క్లచ్ సెట్ వేస్తారు. కొత్తది వేశాక స్కానర్‌తో కంప్యూటర్‌కి క్లచ్ పట్టే చోటు నేర్పించాలి, అది మరిచిపోయి "కొత్త క్లచ్ కూడా జర్క్ కొడుతోంది" అని తిరిగే వాళ్లు ఉన్నారు. ఎత్తు మీద బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తోనే బండి నిలబెట్టే అలవాటు ఉంటే ప్లేటు త్వరగా పోతుంది. డీసీటీలో 1, 3, 5, 7 బాగుండి 2, 4, 6 వణికితే సగం జవాబు దొరికినట్టే, ఏ క్లచ్‌దో తెలిసింది. సీవీటీలో ఒకే స్పీడులో, ఒకే తొక్కుడులో ముల్లు తనంతట తాను పైకీ కిందికీ ఊగుతుంటే, సన్నగా ఈల వేస్తున్నట్టు మోత ఉంటే బెల్టు, పుల్లీ అనుమానించాలి, ఇది ఇంట్లో తేలేది కాదు.

హైవే మీద ఆగిపోతే తాడు కట్టి లాగించుకోవద్దు. ఇంజన్ ఆగితే గేర్‌బాక్స్ పంపూ ఆగుతుంది, చక్రాలు తిరుగుతుంటే లోపల ఆయిల్ అందక ఎండిపోతుంది. ఫ్లాట్‌బెడ్ పిలవండి, లేదంటే ఇంజన్ తిప్పే చక్రాలు నేలకి తగలకుండా ఎత్తించండి.

నా బండికి క్లిప్పు, పైపు ముక్క, మూడు విడతల ఆయిల్ కలిపి పన్నెండు వేలు దాటలేదు. ఆర్ ఇప్పుడు 1.3 సెకన్లలో తగులుకుంటోంది. ఎండలో బాగా వేడెక్కాక రెండు నుంచి మూడుకి మారేటప్పుడు మాత్రం ముల్లు ఇంకా ఒక వంద ఎగురుతుంది, ఆయిల్ తక్కువతో తిరిగిన ఆ నెలల్లో ఎంతో కొంత అరిగే ఉంటుంది. నెలకోసారి అదే రోడ్డు మీద అదే స్పీడులో వీడియో తీసి, అంకెలు డ్యాష్‌బోర్డు అరలో ఉన్న చిన్న పుస్తకంలో రాస్తున్నాను. వంద రెండొందలైన రోజు భాయ్ దగ్గరికి పోతాను.